పోయొస్త అంటే తప్పు

నవంబర్ 10, సోమవారం

మూడు వారాలు నోరు తెరవకూడదట. గుసగుస కూడా వద్దట. మామూలు మాట కంటే గుసగుసకే గొంతు ఎక్కువ అలిసిపోతుందని పటాన్‌చెరు డాక్టరమ్మ చెప్పింది. పార పట్టే వాళ్ళ అరచేతిలో కాయలు కాసినట్టు నా గొంతు తీగల మీద కాయలు కాశాయట. పదకొండేళ్ళు రోడ్డు పక్క బడిలో లారీలతో పోటీపడి అరిచాను కదా, అదీ నాకు దక్కిన సన్మానం.

నోరు కట్టేస్తే బ్యూలా బతకదని జెఫ్రీ పెళ్ళైన కొత్తలో మా వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. బతికి చూపిస్తాను. అందుకే ఈ నోట్‌బుక్ తీశాను. ఇందులో ఎంత వాగినా గొంతు నొప్పి పుట్టదు, ఎవరూ చదవరు.

ఇంటికి రాగానే పలక మీద "అమ్మకు గొంతు బాగా లేదు. 21 రోజులు మాట్లాడదు" అని రాసి నిషితకు చూపించాను. ఒకటో తరగతి కదా, కూడబలుక్కుని చదివింది. "మరి నన్ను పిట్టా అని ఎవలు పిలుస్తరు?" అంది. దాన్ని పిట్టా అని నేను తప్ప ఇంకెవరూ పిలవరు. రెండు చప్పట్లు కొట్టి చూపించాను. రెండు చప్పట్లంటే పిట్టా అని ఒప్పందం చేసుకున్నాం. బోలెడంత నవ్వింది.

నవంబర్ 11

ఈ రోజంతా నేను నోరు మూసుకుని కుర్చీలో కూర్చున్నాను, నా గొంతు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాఠాలు చెప్పింది.

రాజశేఖర్ సార్ నాలుగూ ఐదూ తరగతులు తన దగ్గర పెట్టుకుని, నా మూడు తరగతులనూ ట్యాబ్‌ల మీదకు తోశాడు. హెడ్మాస్టరు కదా, ఆయన మాటకు ఎదురు చెప్పాలంటే ముందు నోరుండాలి. పన్నెండు ట్యాబ్‌లు, ఒక్కోదాని చుట్టూ ముగ్గురు పిల్లలు. అన్నిట్లోంచీ నా గొంతే. సెప్టెంబరులో సంగారెడ్డిలో కిటికీలకు బొంతలు కట్టిన గదిలో కూర్చోబెట్టి నాలుగు రోజులు రికార్డు చేశారు. నలభై ఎనిమిది పాఠాలు. మండలంలో ఇంతమంది టీచర్లుండగా వాళ్ళకు నా గొంతే నచ్చిందని నేను ఎంత ఊరేగానో చర్చిలో అందరికీ తెలుసు.

ట్యాబ్ ముందు పదం చదువుతుంది. పిల్లలు దాని వెనకాల చదవాలి. సరిగా చదివితే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర అడ్డగీత. మూడో తరగతి అంకిత నా ముందే పక్కపిల్లకు చెప్తోంది, లోపటి టీచర్ మంచిది, ఒర్రది, కొట్టది అని. అరుస్తానేమో గానీ నేనెప్పుడు కొట్టానే నిన్ను అని అడగడానికి లేదు. ఉడికిపోయాను.

నిషిత మాత్రం ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకుని "అమ్మా" అంటోంది. బడిలో నన్ను అమ్మా అనొద్దు, అందరి లాగే టీచర్ అనాలని జూన్‌లోనే నేర్పాను. మిగతా పిల్లలకు చిన్నతనంగా ఉంటుందని. ట్యాబ్‌ను అనొద్దని నేనెప్పుడూ చెప్పలేదు. గడుసుది.

నవంబర్ 13

ఏమీ లేదు. చల్లగాలికి ఫ్యాక్టరీల వాసన బడి దాకా వచ్చింది. కిటికీలు మూసి కూర్చున్నాం.

నవంబర్ 16, ఆదివారం

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైంది. తొమ్మిదేళ్ళుగా ముందు పాట ఎత్తేది నేను. ఈసారి ఎలిజబెత్ ఎత్తింది. శ్రుతి తప్పింది. నేను పెదవులు మాత్రం కదిలించాను. ఆ పిల్ల మీద నాకే కోపమూ లేదు.

నవంబర్ 17

మధ్యాహ్నం వంట చేసే ముత్యమ్మకు చదువు రాదు, అందుకని ఆమె ముందు నా పలక పనికి రాదు. ఆమె మాట్లాడుతుంది, నేను తలాడిస్తాను. ఇవాళ పప్పు బకెట్ తీసుకుని వరండాలోకి వచ్చేసరికి పిల్లల పాఠాలు అయిపోతున్నాయి. పాఠం చివర ట్యాబ్ ఒక మాట చెప్పి ఆగిపోతుంది. "పాఠం అయిపోయింది. నేను వెళ్తున్నాను." పన్నెండు ట్యాబ్‌లు ఒకదాని తర్వాత ఒకటి అదే మాట అన్నాయి. ముత్యమ్మ బకెట్ కింద పెట్టేసింది.

"గట్ల అంటరా టీచరమ్మా? ఇల్లు ఇడిసేటప్పుడు పోయొస్త అంటరు గని పోతున్న అంటరా?"

నేను చేతులు తిప్పాను, రాసిచ్చింది చదివాను అన్నట్టు.

ఎన్నిసార్లు చదివినవ్ అని అడిగింది. పాఠానికి ఒకసారి. వేళ్ళతో నాలుగు చూపించి, తర్వాత ఎనిమిది చూపించాను. ఆమె కాసేపు నా మెడ వైపే చూసింది.

"నలబై ఎనిమిదిసార్లు పోతున్న అంటివి. గొంతు ఇన్నది, పోయింది. వస్త అని ఒక్కపారన్న అంటివా?"

ఇలాంటి పట్టింపులు మాకు లేవు. ఉండకూడదు కూడా. అయినా ఆ రోజు సంగారెడ్డిలో మొదటి పాఠం చివర నా నోటికి తెలియకుండానే "పోయొస్త" అని వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అబ్బాయి ఆపేసి, పుస్తకంలో ఉన్నట్టే చదవమన్నాడు. పోనీ వెళ్ళొస్తాను అని పెట్టండయ్యా, ఎవరైనా అట్లా అంటారా అని అడిగాను. పాఠం అయిపోయాక మళ్ళీ ఎక్కడికి వస్తారు మేడం అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత రాసినట్టే చదివాను.

ఇంకా పద్నాలుగు రోజులు.

నవంబర్ 18

ట్యాబ్‌లను రోజూ సంచిలో వేసుకుని బీరంగూడ తెచ్చి మా ఇంట్లోనే ఛార్జింగ్ పెడతాను. బడిలో కరెంటును నమ్మలేం. సాయంత్రం నిషిత పక్కింటికి ఆడుకోవడానికి బయల్దేరుతూ, గడపలో నిలబడి, ట్యాబ్‌లో నా గొంతు అన్నట్టే అంది. "నేను వెళ్తున్నాను."

పరిగెత్తి రెక్క పట్టుకుని లోపలికి లాగాను. పలక మీద "పోయొస్త అను" అని రాశాను. చదివి తల అడ్డంగా ఊపింది. అది తప్పట. కావాలంటే చూడు అని ట్యాబ్ తీసి దాని ముందు "పోయొస్త" అంది. ఎర్ర గీత పడింది. "తప్పు. మళ్ళీ చదువు" అని నా గొంతు చెప్పింది.

ఆ "తప్పు" అనే మాట నేను అంత చల్లగా ఎప్పుడు అన్నానో గుర్తు లేదు. రికార్డింగులో మూడో రోజు మధ్యాహ్నం రకరకాలుగా నలభైసార్లు అనిపించుకున్నారు. అందులోంచి ఇదే ఏరుకున్నారన్న మాట.

చూసినవా అన్నట్టు నిషిత నా వైపు చూసి మళ్ళీ "నేను వెళ్తున్నాను" అని వెళ్ళిపోయింది. అది ఇంటికి తిరిగొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

నవంబర్ 20

ట్యాబ్‌లు చూసుకునే నవీన్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. కొత్త అప్‌డేట్ వేశాడట. పన్నెండింటినీ వరసగా పెట్టి ఏదో నొక్కి, సంతోషంగా నా దగ్గరికి వచ్చాడు.

"మీ గొంతు అది నేర్చుకుంది మేడం. ఇగ మీరు రికార్డు చెయ్యని మాట గూడ మీ లెక్కనే చెప్తది. పిల్లగాండ్లను పేరు పెట్టి పిలుస్తది. వాళ్ళు ఏమడిగినా జవాబిస్తది."

నేను పలక మీద "నన్ను అడగలేదే" అని రాశాను. సంగారెడ్డిలో సంతకం పెట్టిన కాగితంలో అంతా ఉందన్నాడు. ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తామని కూడా ఉందట. వెళ్తూ వెళ్తూ, మీకు రెస్టే కద మేడం, పరేషాన్ గాకుండ్రి అన్నాడు.

నవంబర్ 24

మొదటి గంటలో వెనక వరసలోంచి వినిపించింది. "పిట్టా, ఇంకొక్క పదం చదువు."

నేను లేచి నిలబడ్డాను. ఆ పేరు నేను రికార్డు చేయలేదు. సంగారెడ్డిలో కాదు, బడిలో కాదు, ఎక్కడా చేయలేదు. ఇంట్లో, దాన్ని ఎత్తుకున్నప్పుడు మాత్రమే పిలిచే పేరు. అదే సాగదీత, చివర అదే తగ్గడం. నా గొంతు పోయాక ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. ఒళ్ళు జలదరించింది. ఆ వెనకే బాగుందనిపించింది, ఎందుకు దాచుకోవాలి.

తర్వాత తెలిసింది. నిన్ను ఏమని పిలవాలి అని ట్యాబ్ అడుగుతుంది, పిల్లలు చెప్తారు. నిషిత ఈ పేరు చెప్పింది. ఎలా పలకాలో కూడా నేర్పిందట. "అట్ల కాదు, పిట్టాఆ అను" అని.

దెయ్యమూ లేదు, భూతమూ లేదు. మిషను. అంతే.

ఇంటికొచ్చాక రెండు చప్పట్లు కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. వేరే గదిలోంచి "ఏంది టీచర్?" అంది.

నవంబర్ 25

అలవాటులో అలా అని ఉంటుంది. పెద్దవాళ్ళకే నోరు జారుతుంది.

నవంబర్ 26

మళ్ళీ టీచర్ అంది. జెఫ్రీ పడీపడీ నవ్వాడు. నీ పోలికే దానికి, గట్టిది అన్నాడు. నేనూ నవ్వాను.

నవంబర్ 28

ఇది రాయకూడదనుకున్నాను.

జెఫ్రీ ఈ వారం పొద్దు షిఫ్టు. మూడింటికే ఇల్లు చేరతాడు. సాయంత్రం నేను వంటింట్లో చపాతీలు కాలుస్తున్నాను. ముందు గదిలోంచి "ఏమండీ, టీ తాగుతారా?" అని నా గొంతు వినిపించింది. స్నానాల గదిలోంచి జెఫ్రీ "ఆ, పెట్టు, వస్తున్న" అన్నాడు. నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది.

తుడుచుకుంటూ బయటికి వచ్చి చూశాడు. నిషిత ట్యాబ్ పట్టుకుని కిలకిలా నవ్వుతోంది, డాడీని మోసం చేశాను అని. కోప్పడతాడనుకున్నాను. దాని పక్కన కూర్చుని ఇంకేదైనా అనిపించు అన్నాడు. ప్రార్థన చెప్పించింది. పడుకునే ముందు నేను చెప్పే ప్రార్థన, మాట మాటకీ అదే. డాడీ షిఫ్టు క్షేమంగా సాగాలని, మెషిన్ల దగ్గర చెయ్యి జాగ్రత్తగా ఉండాలని. నిషితే నేర్పి ఉంటుంది. ఆమెన్ అన్నప్పుడు ఇద్దరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నారు.

"ఎన్ని దినాలయింది నీ గొంతు ఇని" అన్నాడు జెఫ్రీ. ట్యాబ్ వైపు చూస్తూ అన్నాడు.

నేను పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాను. చపాతీలు చల్లారిపోయాయి. రమ్మని అరిస్తే చాలు, ఇద్దరూ తిరిగి చూసేవాళ్ళు. ఇంకా మూడు రోజులుందని ఓర్చుకున్నాను. పళ్ళెం నేల మీద కొంచెం గట్టిగానే పెట్టాను.

డిసెంబర్ 1, సోమవారం

ఇవాళ మాట్లాడాను.

డాక్టరమ్మ గొంతులోకి కెమెరా పెట్టి చూసి కాయలు కరిగాయంది. రోజుకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టమంది. ఆ అనండి అంటే ఆ అన్నాను. ఎవరో అన్నారనుకున్నాను. బొంగురుగా, కిందికి, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్యలో ఎక్కడో ఉందది. ఎన్నాళ్ళుంటుంది అని అడిగాను. కొంతమందికి ఆరు నెలల్లో పాత గొంతు వస్తుందట. కొంతమందికి ఇదే నిలిచిపోతుందట. అలవాటైపోతుంది లెమ్మని భుజం తట్టింది.

ఆ ఐదు నిమిషాల్లో మిగిలినదంతా నిషిత కోసం దాచుకుని ఆటోలో పెదవి విప్పలేదు. ఇంటికి రాగానే మోకాళ్ళ మీద కూర్చుని, దాని మొహం నా రెండు చేతుల్లోకి తీసుకుని "పిట్టా" అన్నాను.

చెవులు మూసుకుంది. గట్టిగా, మోచేతులు పైకి లేచేలా.

"నేనే, అమ్మను" అన్నాను.

లేచి లోపలికి వెళ్ళింది. ట్యాబ్ తెచ్చి నా నోటి ముందు పెట్టి, అమ్మవైతే ఇది చదువు అంది. స్క్రీన్ మీద "అమ్మ పిలిచింది" అని ఉంది. నేను రికార్డు చేసిన మొదటి పాఠం. చదివాను. ఎర్ర గీత. "తప్పు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. మళ్ళీ తప్పు. పదకొండుసార్లు చదివాను. పదకొండుసార్లూ నా గొంతే నాకు తప్పని చెప్పింది. చివరికి నిషితకు జాలి వేసినట్టుంది, నా తల నిమిరింది.

"ఫికర్ చెయ్యకు టీచర్. దినాం చదివితే నీక్కూడ వస్తది."

డిసెంబర్ 2

ఎనిమిది పదాల్లో ఒకటి పచ్చ. "ఇల్లు."

డిసెంబర్ 4

నాలుగు పచ్చ. గొంతుకు ఎక్సర్‌సైజు కోసం చదువుతున్నాను, ఇంకేం లేదు. మధ్యాహ్నం పిల్లలు తింటున్నప్పుడు స్టోరు గదిలో కూర్చుని చదువుతున్నాను. కొంచెం ముక్కుతో పలికితే, చివర సాగదీస్తే ఒప్పుకుంటుంది. నేను ముందు అలాగే పలికేదాన్నా అని జెఫ్రీని అడిగాను. వినిపించుకోలేదు. ఈ గొంతు మాట్లాడితే ఎవరో ఇంటికి వచ్చినట్టు బనియన్ మీద చొక్కా వేసుకుంటున్నాడు, పాపం. తనకే తెలియడం లేదు.

డిసెంబర్ 5

మూడే పచ్చ.

డిసెంబర్ 8

నిషిత పడిపోయింది. బోరింగు దగ్గర తడి గచ్చు మీద పరిగెత్తి బోర్లా పడింది. మోకాలు చీరుకుని రక్తం కారుతోంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. చేతులు చాచాను, "పిట్టా, దా" అన్నాను. అది ఏడుస్తూ లేచి నా వైపే వచ్చింది. నా వైపే వచ్చి, నా చేతుల పక్క నుంచి, నా చీర అంచుకు రక్తం పూసి తరగతిలోకి పరిగెత్తింది.

నేను వెళ్ళేసరికి ట్యాబ్‌ను గుండెకు అదుముకుని "అమ్మా, పడ్డ. అమ్మా, దెబ్బ తాకింది" అంటోంది. ట్యాబ్ ఓదారుస్తోంది. ఏం కాదు పిట్టా, నీళ్ళతో కడుక్కో పిట్టా, నువ్వు ధైర్యం గల పిల్లవి పిట్టా అని. నేను కూడా అవే మాటలు అనేదాన్ని. ఒక్క మాట అటూఇటూ కాదు.

మోకాలు నేనే కడిగాను. కడుగుతున్నంతసేపూ అది నన్ను చూడలేదు. థాంక్యూ టీచర్ అంది.

ముత్యమ్మ అంతా చూసింది. దగ్గరికొచ్చి నెమ్మదిగా, దాంట్లకెల్లి నీ గొంతు తీపియ్యి బిడ్డా, పొల్ల నీకు దక్కదు అని వెళ్ళిపోయింది. నేను స్టోరు గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఏడుపు కూడా నాది లాగా లేదు.

డిసెంబర్ 9

నవీన్‌కు ఫోన్ చేశాను. నా గొంతు తీసేయండి, కాగితంలో ఉంది కదా అన్నాను.

"మీరెవరండీ? మేడంకు ఇయ్యండి ఫోను."

నేనే బ్యూలాను అన్నాను.

"మేడం గొంతు నాకు ఎరుకే. సెప్టెంబర్ సంది దినాం ఇంటున్న. మీరు గాదు."

జెఫ్రీకి ఫోన్ ఇచ్చాను. ఈమె నా భార్యే అని తను సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. చెప్పే ముందు ఒక్క క్షణం ఆగాడు. చాలా కొద్దిసేపే.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మారుస్తారట. వేరే జిల్లా టీచరమ్మ గొంతు సిద్ధంగా ఉందట. నలభై ఎనిమిది పాఠాలూ ఆమె మళ్ళీ చదివింది. ఆమె గొంతు ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు.

డిసెంబర్ 11

రేపటితో పీడా పోతుంది. ఏడుస్తుంది, రెండు రోజులు ఏడుస్తుంది. తర్వాత నా దగ్గరికే రావాలి కదా, ఇంకెక్కడికి పోతుంది.

డిసెంబర్ 12, శుక్రవారం

రాజశేఖర్ సార్ ప్రేయర్‌లోనే చెప్పేశాడు. ఇయ్యాల నుంచి ట్యాబ్‌ల కొత్త టీచర్ వస్తది, పాత టీచర్ పోతది అని. మిగతా పిల్లలు ఓహో అన్నారు. నిషిత మధ్యాహ్నం అన్నం తినలేదు. రెండు కావస్తుండగా ట్యాబ్ తీసుకుని వరండా చివర గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను వెనకాల నిలబడ్డాను. నన్ను చూడలేదు.

పాఠం చివరికి వచ్చింది. "పాఠం అయిపోయింది. నేను వెళ్తున్నాను."

"పోయొస్త అను" అంది నిషిత.

"తప్పు. మళ్ళీ చదువు."

"పోయొస్త అనమ్మా. ఒక్కపారి అను."

"తప్పు. మళ్ళీ చదువు."

పాఠం తెర మీద ఉన్నంతసేపూ ఏమన్నా చదవడం కిందే లెక్క ట్యాబ్‌కు. ఎన్నిసార్లు అడిగిందో నేను లెక్కపెట్టలేదు. అడిగిన ప్రతిసారీ నా గొంతు అదే చల్లదనంతో తప్పు అంది. అది ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, అద్దం మీద నీళ్ళు తుడుస్తూ అడుగుతూనే ఉంది. మధ్యలో స్క్రీన్ ఆరిపోయింది. నల్లటి అద్దంలో దాని మొహం, దాని వెనక నా చీర కుచ్చిళ్ళు కనిపించాయి. దాని వెన్ను మొత్తం వణుకుతోంది.

నేను ఓర్చుకోలేకపోయాను. అంతే. ఇంకే ఉద్దేశమూ లేదు. వంగి, దాని చెవి వెనక అన్నాను.

"పోయొస్త పిట్టా."

ఏడుపు టక్కున ఆగింది. వెనక్కి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. ట్యాబ్ ఎత్తి చెవికి ఆనించుకుంది.

"నీకు సర్ది అయిందా అమ్మా?"

ఈ గొంతే. చెవులు మూసుకున్న గొంతు, పదకొండుసార్లు తప్పు పడిన గొంతు. ట్యాబ్‌లోంచి వచ్చిందనుకుంటే నిషితకు ఏ అడ్డూ లేకపోయింది. అమ్మకు జలుబు చేసిందని వెంటనే అర్థమైపోయింది. నేను అప్పుడు దాని భుజం పట్టి తిప్పి ఉండాల్సింది. ఇటు చూడవే, నేనే అని ఉండాల్సింది. పద్దెనిమిది రోజుల తర్వాత నా బిడ్డ నన్ను అమ్మా అంది. ఇంకొకసారి అంటుందేమోనని ఊపిరి కూడా తీయలేదు.

"అవును" అన్నాను.

"ఎప్పుడొస్తవ్?"

"సోమవారం."

"ఎక్కడికి? బడికా, ఇంటికా?"

"ఇంటికి."

సరే అంది. కళ్ళు తుడుచుకుని, ట్యాబ్‌ను జాగ్రత్తగా సంచిలో పెట్టింది. కాసేపటికి పన్నెండూ మళ్ళీ వెలిగాయి. ఎవరో ఆవిడ, పిల్లలూ బాగున్నారా అంది. అందరూ బాగున్నామన్నారు. నిషిత మాత్రం బయట లారీలను చూస్తూ కూర్చుంది, మొహం తేటగా ఉంది.

డిసెంబర్ 13

రెండో శనివారం. సెలవు. కడుపు నిండా తింది. అడగకుండానే జడ వేయించుకుంది. జెఫ్రీ చూశావా, దారికొచ్చింది అన్నాడు. అవును, దారికొచ్చింది.

డిసెంబర్ 14, ఆదివారం

మాట్లాడదామని మూడుసార్లు దగ్గరికి వెళ్ళాను. మొన్న మాట్లాడింది నేనే అని చెప్పడానికి. మొదటిసారి బొమ్మ వేసుకుంటోంది. రెండోసారి జెఫ్రీ ఉన్నాడు. మూడోసారి ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. వేసిన బొమ్మలో మా ఇల్లు, గేటు, గేటు దగ్గర చీర కట్టుకున్న ఒకావిడ. లోపల డాడీ, తను, ఇంకొకావిడ. ఆ లోపలావిడకు నోరు గీయలేదు.

డిసెంబర్ 15, సోమవారం

నేను లేచేసరికే నిషిత లేచి ఉంది. క్రిస్మస్‌కు కుట్టించిన కొత్త గౌను వేసుకుని వీధి గడపలో కూర్చుంది. మంచు ఇంకా విడవలేదు. షిఫ్టు బస్సులు లైట్లు వేసుకుని పోతున్నాయి. ఏ బస్సు నెమ్మదించినా లేచి నిలబడుతోంది.

బడికి టైమయిందన్నాను. రానంది. టిఫిన్ తెచ్చాను, ముట్టలేదు. చెయ్యి కడుక్కోవడానికి తను లోపలికి వెళ్తే ఆలోపే వచ్చి వెళ్ళిపోతుందట. ఎవరు అని నేను అడగలేదు.

మమ్మల్ని రోజూ బడికి తీసుకెళ్ళే యాదన్న ఆటో వచ్చి హారన్ కొట్టింది. నేను దాని ముందుకు వెళ్ళి కూర్చున్నాను. ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా, ట్యాబ్ ఒప్పుకునేట్టు ముక్కుతో, చివర సాగదీసి అన్నాను. "పిట్టా. వచ్చాను. నేనే."

నా వైపు చూసింది. కోపం లేదు. వాకిట్లో అడ్డంగా కూర్చున్న పెద్దవాళ్ళను పిల్లలు చూసేట్టు చూసింది. చేత్తో నా భుజాన్ని పక్కకు నెట్టింది.

"జెర జరుగు. తొవ్వ కనిపిస్తలేదు. అమ్మ వస్తది."

జరిగాను. యాదన్నను పొమ్మని చెయ్యి ఊపాను. గడపలో దాని పక్కనే చోటు చేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు పదకొండు దాటింది. ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని రాస్తున్నాను, మధ్యమధ్యలో తలెత్తి నేనూ రోడ్డు చూస్తున్నాను.